పేరు నాచు సంచి, గమ్యం కాపులుప్పాడ దిబ్బ

ఈ మధ్య ప్లాస్టిక్కు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒక శుభవార్త వినబడుతోంది. సముద్రపు నాచుతో సంచులు చేస్తున్నారట. వాడి పారవేస్తే మట్టిలో కలిసిపోతాయట. ఇక మనకు బెంగ లేదట. ఈ మూడు ‘అట’లలో మొదటిది నిజం. రెండవది షరతులకు లోబడిన నిజం. మూడవది పచ్చి అబద్ధం. ఈ టపా ఆ మూడవదాని మీద.

నా వాదం ముందే చెప్పేస్తాను. ఓపిక లేనివారు ఈ పేరాతో ఆగిపోవచ్చు. నాచు మంచిది, నాచుతో చేసిన పొర మంచిది. కానీ రోజూ బజారుకు తీసుకువెళ్ళే సంచి అనే ఉద్యోగానికి దానిని పిలవటం, మన బద్ధకానికి సముద్రం చేత వెట్టిచాకిరీ చేయించటమే. పారవేసే అలవాటును అలాగే ఉంచుకుని, పారవేసే వస్తువును మాత్రం మార్చటం సంస్కరణ కాదు.

నాచుకు నేను శత్రువును కాను. విశాఖలో ఉండేవాడెవడూ కాలేడు. తెన్నేటి పార్కు దిగువన, ఋషికొండ పక్కన, భీమిలి దగ్గర రాళ్ళను పట్టుకుని, పోటుకు మునిగి ఆటుకు బయటపడే ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు నాచులు మాకు ఇరుగుపొరుగులే. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు గార్లు ఈ తీరపు నాచుల మీద చేసిన పరిశోధన 1964లోనే ‘జర్నల్ ఆఫ్ ఎకాలజీ’ అనే ఆంగ్ల పత్రికలో అచ్చయింది. వంటింట్లో మనం చైనా గ్రాస్ అని పిలిచే పదార్థం ఎర్రనాచు నుంచి తీసిన జిగురే. గోధుమ నాచు నుంచి ఆల్జినేటు వస్తుంది. కప్పాఫైకస్ అనే మరొక ఎర్రనాచు నుంచి కారాజీనన్ వస్తుంది. ఐస్‌క్రీములోనూ టూత్‌పేస్టులోనూ మనకు తెలియకుండానే వీటిని వాడుతున్నాము.

నాచు గుణాలు చెప్పుకోదగినవే. దానికి దున్నిన నేల అక్కరలేదు, మంచినీళ్ళు అక్కరలేదు, యూరియా బస్తా అక్కరలేదు. కప్పాఫైకస్ 45 రోజులలో కోతకు వస్తుంది. తమిళనాడులో మండపం, రామేశ్వరం తీరాల మత్స్యకార స్త్రీలకు నాచు ఏనాటి నుంచో ఒక జీవనాధారం. ఇన్ని మంచి గుణాలున్నదానిని తీసుకువచ్చి ఏ పనికి పెడుతున్నామన్నదే నా ప్రశ్న.

నాచు పొర తయారుచేసే విద్యలో రహస్యం లేదు. జిగురును నీళ్ళలో కాచి, ఆరిన తరువాత పెళుసెక్కకుండా గ్లిజరిన్ వంటిది కలిపి, పలుచగా పరచి ఆరబెడితే పొర వస్తుంది. వడియాలు పెట్టిన చేతికి ఇది కొత్త పాఠం కాదు. అయితే నీళ్ళలో పుట్టినది నీళ్ళను మరవదు. తడి తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఇక మన బజారు సంచికి పెట్టే పరీక్ష ఏమిటి? నీరు కారుతున్న కోనాం ముక్కలు, అప్పుడే నీళ్ళు చల్లిన తోటకూర కట్ట, పైన శ్రావణమాసపు వాన.

అందుకే ఈ విద్యలో పేరు తెచ్చుకున్నవారు ఏ వస్తువులు చేశారో చూడండి. లండనులోని నాట్‌ప్లా సంస్థ 2019 లండన్ మారథానులో పరుగెత్తేవారికి నాచు పొరతో చేసిన చిన్న పానీయపు గుళికలు అందించింది. హోటలు భోజనం పెట్టే అట్టపెట్టెలకు ప్లాస్టిక్కు పూతకు బదులు నాచు పూత వేసింది. 2022లో ఎర్త్‌షాట్ బహుమతి పొందింది. గుళిక, పూత, చిన్న పొట్లం: నాచు సహజంగా ఒదిగే పనులివి. బరువు మోసే సంచిగా సాగదీయదలచినవారు నాచును ఒంటరిగా వాడటం లేదు. ఇతర కంపోస్టబుల్ పదార్థాలతో కలుపుతున్నారు. అప్పుడు ‘నాచు సంచి’లో నాచు ఎంత అని అడగవలసి వస్తుంది. ‘మొక్కజొన్న పిండి కవరు’ అని మనకు చూపిస్తున్న వాటిలోనూ పిండితో పాటు పీబీఏటీ అనే పాలిమరు ఉండటం మామూలు. అది కంపోస్టు కాగలదు, నిజమే. కానీ దాని పుట్టిల్లు ప్రధానంగా చమురు బావి.

ఇక పేరు సంగతి. మా జంక్షనులోని కిరాణా కొట్టులో నా ముందు నిలుచున్న ఆవిడకు కొట్టు అబ్బాయి లేత పచ్చ కవరులో కందిపప్పు పొట్లాలు వేసి ఇచ్చాడు.

“ఈ కవర్లు నిషేధించారు కదా నాయనా?” అన్నాను.

“ఇది ఆ కవరు కాదు మాస్టారూ, కంపోస్టుది. ఎక్కడ పారేసినా ఏటీ కాదు” అన్నాడు.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. అతనికి సరుకు అమ్మినవాడు అలా చెప్పి ఉంటాడు. కానీ “ఎక్కడ పారేసినా ఏటీ కాదు” అన్న ఆ మాట ఉంది చూశారూ, అది కవరు కంటె ప్రమాదకరం. ఇంతకాలం పారవేసేవాడికి లోలోపల కాస్తయినా జంకు ఉండేది. ఈ మాట ఆ జంకును కూడా తీసివేస్తోంది.

పండితుడిగా బ్రతికినవాడిని, ప్రత్యయం విడదీసి చూస్తే గాని నాకు పదం మీద నమ్మకం కలగదు. ‘కంపోస్టబుల్’లోని ‘ఏబుల్’ శక్యార్థంలో వచ్చింది, మన ‘అనీయ’కు చుట్టం. పఠనీయ గ్రంథమంటే చదవదగినది, చదివేసినది కాదు. బియ్యం అన్నం కాగలవు. పొయ్యి, ఎసరు, గిన్నె, వండే మనిషి ఉంటేనే అవుతాయి. బస్తాలోని బియ్యాన్ని అన్నమని విస్తట్లో వడ్డిస్తే మనం ఊరుకుంటామా? కంపోస్టు కాగల సంచిని, కంపోస్టు అయిపోయే సంచి అని చెబితే మాత్రం ఊరుకుంటున్నాము.

దాని పొయ్యి, ఎసరు ఏమిటో చూద్దాం. మన దేశంలో ఇటువంటి సంచులకు ప్రమాణం ఐఎస్ 17088. ఆ పరీక్ష స్థూలంగా ఇది: నియంత్రిత కంపోస్టులో, సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 12 వారాలకు సంచి చిన్న తునకలై జల్లెడ దిగిపోవాలి. 180 రోజుల లోపు అందులోని కర్బనంలో 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారాలి. 58 డిగ్రీలు! రోహిణీకార్తెలో మనం ఎంత అలమటించినా మన వీధి అంత వేడెక్కదు. పెద్ద కుప్ప వేసి, తేమా గాలీ సరిచూస్తూ ఉంటే, సూక్ష్మజీవుల పని వలన ఆ వేడి పుడుతుంది. పెరటి గుంటలో అది పుట్టటం, పుట్టి నిలవటం అరుదు.

ఈ షరతును సంచి మీద తెలుగులో ఎక్కడైనా చూశారా? 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తయారీదారు పేరును, కంపోస్టబుల్ సంచి అయితే ధ్రువపత్రం సంఖ్యను సంచి మీద ముద్రించమన్నాయి. ఏ భాషలో ముద్రించమన్నాయో తెలుసా? ఇంగ్లీషులో. కూరలమ్మే తల్లికీ, కొనే తల్లికీ, చెత్త ఏరే తల్లికీ చదవరాని భాషలో. తెలుగు అచ్చయ్యే చోటు లేక కాదు. సంచి మీద కొట్టు పేరు, సినిమా తార బొమ్మ ఎంత పెద్దగా వేస్తున్నారో చూస్తూనే ఉన్నాం.

చట్టంలో మరొక సందు ఉంది. 2021 ఆగస్టులో చేసిన సవరణ మామూలు ప్లాస్టిక్కు సంచుల కనీస మందాన్ని ఆ ఏడు సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచింది. కంపోస్టబుల్ సంచులకు ఈ మందం నిబంధన వర్తించదు. అంటే పలుచటి కవరు అమ్మదలచినవాడికి కావలసినది ఒక మంచి పేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండి తీరాలన్నది నిజమే. కూరగాయల తోపుడుబండి దగ్గర నిలబడి ఆ సంఖ్యను సరిచూసే నాథుడెవరు?

పేరుకీ పనికీ మధ్య దూరాన్ని కొలిచినవారున్నారు. ఇంగ్లండులో ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇమొజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ రకరకాల సంచులను మూడేళ్ళ పాటు గాలిలో, మట్టిలో, సముద్రంలో ఉంచి ఫలితాలను 2019లో ప్రకటించారు. ‘బయోడిగ్రేడబుల్’ అని పేరున్న సంచి మూడేళ్ళు మట్టిలోనూ సముద్రంలోనూ ఉన్న తరువాత కూడా నిండుగా సరుకులు మోసింది. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలలకు కనబడకుండా పోయింది. మట్టిలో మాత్రం 27 నెలల తరువాత కూడా ఉంది, బరువు మోసే శక్తి ఒక్కటే పోయింది. మూడు నెలలు తక్కువ కాలమంటారా? మా తీరానికి గుడ్లు పెట్టటానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు గొంతులో ఇరుక్కోవటానికి మూడు నిమిషాలు చాలు. వీధిలో ఆవు మింగటానికీ అంతే.

ఇప్పుడు మా ఊరికి రండి. మధురవాడకు కూతవేటు దూరంలో కాపులుప్పాడ ఉంది. నగరం చెత్తంతా పోగయ్యే దిబ్బ అక్కడే. చెత్తను కాల్చి విద్యుత్తు తీసే 15 మెగావాట్ల కర్మాగారం కూడా అక్కడే. తడీ పొడీ కలిసిన చెత్తలో పడి అక్కడికి చేరిన సంచికి గతులు రెండే: దహనం, లేదా ఖననం. కాల్చేటప్పుడు అగ్నిదేవుడు “నీవు నాచువా, నాఫ్తావా?” అని అడగడు. గాలి ఆడని దిబ్బలో పూడితే కుళ్ళేది ఏదైనా మీథేను వాయువును వదులుతుంది. వాతావరణాన్ని వేడెక్కించటంలో అది బొగ్గుపులుసు వాయువుకు పెద్దన్న. ఇక బండి ఎక్కని సంచి గెడ్డలో పడుతుంది. గెడ్డ మొదటి వానకే పొంగి సముద్రం దారి పడుతుంది. సముద్రం నుంచి కోసి, ఎండబెట్టి, కాచి, పరచి, సంచి చేసి, అరగంట వాడి, మళ్ళీ సముద్రంలోకే తోసివేయటానికా ఇంత శ్రమ? పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత మా పొరుగున అక్షరాలా నిలబడి ఉంది.

“మరి తిరుమలలో చేశారు కదా!” అంటారు. చేశారు. 2021 ఆగస్టులో డీఆర్‌డీఓ రూపొందించిన, త్వరగా మట్టిలో కలిసే సంచులను లడ్డూ ప్రసాదం కోసం అక్కడ ప్రవేశపెట్టారు. మంచి పనే. కానీ కొండకు ఎక్కే దారులు లెక్కపెట్టదగినవి. అలిపిరి దగ్గర మనిషినీ సంచినీ ఆపి చూస్తారు. లడ్డూ ఇచ్చేది ఒకే సంస్థ, కొండ మీది చెత్త ఎత్తేదీ ఆ సంస్థే. మధురవాడకు అలిపిరి లేదు. జాతీయ రహదారి మీద, కొమ్మాది నుంచి కారుషెడ్ దాకా, ఎవరి కొట్టు వారిది, ఎవరి కవరు వారిది. ఒక యజమాని, ఒక ద్వారం ఉన్న చోట పండిన ఉపాయం, లక్ష ద్వారాలున్న నగరంలో పండాలంటే ముందు చెత్త వేరుచేసే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు వచ్చేదాకా సంచి మీద రాసిన మాట ఉత్తుత్తి వాగ్దానమే.

ఎదుటిపక్షం వాదాలలో బలమైనది ఇది: “మాస్టారూ, మీరు చెప్పినట్టు జనం ఇంటి నుంచి సంచి తెచ్చుకోరు. ఆ రోజులు పోయాయి. తెచ్చుకోనివారికి ప్లాస్టిక్కు కన్నా నాచు మేలు కాదా?” మేలే. విషం కన్నా పస్తు మేలన్నంత మేలు. కానీ జనం తెచ్చుకోరన్న మాట నేను ఒప్పుకోను. పర్సు, సెల్‌ఫోను, తాళంచెవి మరవకుండా తెచ్చుకునే మనిషి సంచి ఒక్కటే ఎందుకు మరుస్తాడు? అవతల ఉచితంగా ఇస్తారు కనుక. ఉచితం ఆపిన చోట ఏమైందో చూడండి. ఐర్లండు 2002లో ప్లాస్టిక్కు సంచి మీద పన్ను వేసేసరికి వాడకం 90 శాతం దాకా పడిపోయింది. ఇంగ్లండులో 2015లో సంచికి 5 పెన్సులు వసూలు చేయటం మొదలుపెట్టాక పెద్ద దుకాణాలలో వాడకం 95 శాతానికి పైగా తగ్గింది. అంత దూరం ఎందుకు? మన సూపర్ మార్కెట్లలో సంచికి డబ్బు అడగటం మొదలయ్యాక స్కూటరు డిక్కీలలో సంచులు వెలిశాయి. అదే మనిషి, అదే మతిమరుపు. వెల పెట్టగానే జ్ఞాపకశక్తి తిరిగి వచ్చింది.

మా నగరపాలక సంస్థ 2022 జూన్ 5 నుంచి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కును నిషేధించింది. అదే ఏడు ఆగస్టు 26న మా తీరంలో వేలాది మందితో చెత్త ఏరించి, 76 టన్నుల ప్లాస్టిక్కు పోగయిందని ప్రకటించారు. ఏరిన చేతులకు నమస్కారం. కానీ ఏరటం ఒక్క ఉదయపు పని, పారవేయటం నిత్యకృత్యం. ఆ నిత్యకృత్యానికి ఇప్పుడు ‘నాచు’ అన్న పచ్చరంగు పూయబోతున్నామంటే నాకు ఆగ్రహం కలుగుతుంది.

ఆ ఆగ్రహానికి మరొక కారణం ఉంది. మధురవాడ నుంచి అదే రహదారిన ఉత్తరంగా వెళితే తగరపువలస పక్కన చిట్టివలస. అక్కడ గోస్తనీ నది ఒడ్డున జూటు మిల్లు ఉంది. కాదు, ఉండేది. తరతరాలుగా ఆ చుట్టుపక్కల ఊళ్ళకు అన్నం పెట్టిన ఆ మిల్లు 2009లో లాకౌటై మూతపడింది. వేలాది కుటుంబాలు వీధిన పడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం రైతులు పండించే గోగునార దేనికి? గోనెకు. గోనె దేనికి? సంచికి. ఆహారధాన్యాలను, పంచదారను జనపనార సంచులలోనే నింపాలని పార్లమెంటు 1987లో చట్టమే చేసింది. మట్టిలో కలిసే సంచి కోసం లండను వైపు, కాలిఫోర్నియా వైపు చూస్తున్నాం. నూరుసార్లు వాడి, చిరిగితే కుట్టి, కుట్టినది చివికితే గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకుని, ఆఖరున ఏ 58 డిగ్రీలూ అడగకుండా పెరటి మట్టిలో కలిసిపోయే సంచిని నేసిన మగ్గాలు మన పక్కనే తుప్పు పట్టాయి. దాని మీద ఎవరూ ‘కంపోస్టబుల్’ అని అచ్చు వేయలేదు. అవసరం కలగలేదు.

ఇటువంటి గాథ పొరుగు దేశంలోనూ ఉంది. వరదలకు పాలిథిన్ కవర్లు కాలువలను పూడ్చివేశాయని గ్రహించి బంగ్లాదేశ్ 2002లో వాటిని దేశమంతటా నిషేధించింది. అక్కడి శాస్త్రవేత్త ముబారక్ అహ్మద్ ఖాన్ జనపనారలోని సెల్యులోజుతో కవరు వంటి ‘సోనాలి’ సంచిని సృష్టించాడు. గొప్ప ఆవిష్కరణ. అయినా ఏళ్ళ తరబడి అది ప్రయోగ దశ దాటి సంతకు విరివిగా రాలేదు, నిషిద్ధమైన పాలిథిన్ సంతను విడువనూ లేదు. కొత్త సంచి వస్తుందని ఎదురు చూసే దేశానికి, వచ్చేదాకా పాత కవరే గతి అవుతుంది. ఆశ కూడా ఒక సాకు కాగలదు.

పోనీ, నాచు సంచులే కావాలనుకుందాం. నాచు ఎంత కావాలి? పది కిలోల పచ్చి నాచు ఎండితే వచ్చేది సుమారు ఒక కిలో. అందులో పొరకు పనికివచ్చే జిగురు కొంత భాగమే. ఇన్ని కోట్ల చేతులకు రోజుకొక సంచి ఇవ్వాలంటే రాళ్ళ మీద నాచు గీకితే చాలదు, సముద్రంలో తెప్పలు కట్టి సాగు చేయాలి. మాది ప్రశాంత సముద్రం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏ ఒడ్డున దిగిందో మరచిపోయామా? పైగా మన్నారు సింధుశాఖలో, కురుసడై ద్వీపం దగ్గర, సాగు నుంచి తప్పించుకున్న కప్పాఫైకస్ పగడపు దిబ్బలను కమ్ముకున్నదని 2008లోనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. జాగ్రత్తగా, కొద్దిగా, విలువైన పనికి పండిస్తే నాచు మత్స్యకార స్త్రీకి సిరి. పారవేసే సంచి కోసం పండిస్తే అది మరొక చవక సరుకు, ఆమెది మరొక చవక కూలి.

ఆ విలువైన పని ఏది? ఎవరూ రెండోసారి వాడలేని చోటు. షాంపూ పొట్లం, సాసు పొట్లం, మందుబిళ్ళ పైపొర, హోటలు పెట్టె పూత. జేబులో సంచి పెట్టుకోగలం, జేబులో షాంపూ పెట్టుకుని ఊరికి పోలేము. గెడ్డలలో పేరుకునే ఆ చిన్న పొట్లాలను ఏరటానికి ఏ చేతికీ ఓపిక చాలదు. అక్కడికి నాచును పిలవండి, హారతి పట్టి ఆహ్వానిస్తాను. సంచి పనికి మాత్రం గుడ్డ ఉంది, గోనె ఉంది, తాటాకు బుట్ట ఉంది. మా మన్యం నుంచి గిరిజనులు సేకరించే అడ్డాకు విస్తరి, దొప్ప చేసే పనికి కూడా పాలిమరు అక్కరలేదు.

కాబట్టి అధికారులనూ వ్యాపారులనూ నేను అడిగేది నాలుగే. ఏ పదార్థంతో చేసినదైనా సరే, సంచిని ఉచితంగా ఇవ్వటం ఆపండి. సంచి మీద దాని షరతును తెలుగులో, పెద్ద అక్షరాలలో అచ్చు వేయండి: “దీనిని వీధిలో పారవేస్తే కలిసిపోదు” అని. కంపోస్టు చేసే ఏర్పాటు లేని వార్డులో కంపోస్టబుల్ పేరుతో అమ్మకం సాగనివ్వకండి. ప్రభుత్వ సంచుల అవసరాలకు ముందుగా ఉత్తరాంధ్ర గోగునారను కొనండి, మూతపడిన మగ్గాల సంగతి పట్టించుకోండి.

మిత్రులను అడిగేది ఇంకా చిన్నది. “ఇది ఎక్కడ పారవేసినా ఫర్వాలేదు” అని ఎవరైనా అన్నప్పుడు ఊరుకోకండి. ఎక్కడ, ఎంత వేడిలో, ఎన్ని వారాలకు అని అడగండి. నా లెక్కలలో తప్పు కనబడితే, నాచు పక్షాన వాదించదలిస్తే, నిర్మొహమాటంగా వ్రాయండి. జవాబు చెబుతాను.

సెలవు.